సీటు కింద సంచి

మోటారు సైకిలు ఎక్కడం రాని విద్యార్థి మన కాలేజీలో బహు అరుదు. దాని సీటు తీసి చూసిన విద్యార్థి అంతకన్నా అరుదు. సీటు కింద ఏముందని అడిగి చూడండి. "ఏముంటుందండీ, ఆర్.సి. జిరాక్సూ, తుడిచే గుడ్డా" అంటారు. కంపెనీవాడు బండితోపాటు ఇచ్చిన పనిముట్ల సంచి ఏమైందంటే మాత్రం జవాబుండదు. హాస్టల్లో స్పానరు అప్పిచ్చినవాడూ, పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్నవాడూ ఒకటే. ఇద్దరూ కాసేపు వెతికి ఊరుకోవలసిందే.

దీని మీద వ్యాసమేమిటి, మెకానిక్కులు లేరా అని మీరనవచ్చు. లేకేం, జాతీయ రహదారి పొడుగునా ఉన్నారు. కాని మనలో చాలామందిమి ఆ రహదారి దిగి ఇంటికి పోయేవాళ్ళం. పర్చూరు పక్కకో, అద్దంకి అవతలికో, వినుకొండ దాటో మన ఊళ్ళున్నాయి. అక్కడ ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య పత్తి చేలు, మిరప చేలు తప్ప మనిషి కనపడడు. బండి ఆగితే మీరూ, మీ చేతులూ, సీటు కింద సంచీ, అంతే.

నాకీ పాఠం చెప్పింది మా బాబాయి. పర్చూరు దగ్గర పల్లెటూళ్ళో ఆరెకరాల వ్యవసాయం. చదివింది తొమ్మిదో తరగతి. బండి విషయంలో మాత్రం ఆయన ప్రొఫెసరే. "ఎద్దుకి మేతేసి, గిట్టలు చూసుకుని కదా అరక కట్టేది? మరి బండికి ఏం చూస్తున్నావురా నువ్వు, అద్దంలో నీ మొహం తప్పితే?" అనేవాడు.

మన నేల సంగతి మన నేలదే. వాన పడితే నల్లరేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలు ముద్దలుగా దిట్టంగా పట్టేసి చక్రాన్ని తిరగనివ్వదు. అప్పుడు గేరు మార్చి యాక్సిలేటరు తిప్పితే క్లచ్ ప్లేట్లు మాడతాయి తప్ప బండి కదలదు. దిగి పుల్లతో మట్టి గీకడమే మందు. వేసవిలో కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి, పత్తి బోరేలు ట్రాక్టర్లకెత్తే రోజుల్లో దుమ్మూ, దూదీ గాలిలోనే తిరుగుతుంటాయి. అవి మన ముక్కులో దూరినట్టే ఎయిర్ ఫిల్టర్లోనూ దూరతాయి. గాలి ఆడని ఇంజను పెట్రోలు తాగుతుంది, లాగదు. నురగ ఫిల్టరైతే కడిగి ఆరబెట్టి, కాస్త నూనె పట్టించి పెట్టుకోవచ్చు. కాగితం ఫిల్టరు మాత్రం కడగకూడదు, మార్చాలి. ఇక సర్కారు తుమ్మ ముల్లు ఉండనే ఉంది. డొంకదారిలో దానికి తెలియని టైరు లేదు.

ఇదంతా సరదా కబురుగానే ఉండేది నాకు, ఒక సెప్టెంబరు నెల వచ్చేదాకా.

ఆ రోజు సెలవని ఊళ్ళో ఉన్నాను. పక్క చేలో పత్తికి మందు కొడుతున్న ఒక కూలి మనిషి గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, నోట్లో నురగ, చూపు మసక. అంబులెన్సుకి ఫోను చేస్తే వేరే ఊరు పోయింది, ఆలస్యమవుతుందన్నారు. చిలకలూరిపేట ఇరవై కిలోమీటర్ల పైమాటే. బాబాయి ముందు ఆ మనిషి చొక్కా విప్పించి, బోరు నీళ్ళ కింద కూర్చోబెట్టి ఒళ్ళు కడిగించాడు. ఒంటి మీదున్న మందు చర్మంలోంచి లోపలికి దిగుతూనే ఉంటుందట. తర్వాత ఆ మనిషిని బండి మీద మధ్యన కూర్చోబెట్టి, వెనక నన్ను పట్టుకోమన్నాడు. మందు డబ్బా మూత బిగించి సంచిలో వేసి నా చేతికే ఇచ్చాడు, డాక్టరు చూడాలని.

సగం దారిలో గేదెల మంద అడ్డమొచ్చింది. బండి ఆపి మళ్ళీ గేరు వెయ్యబోతే క్లచ్ వైరు పుటుక్కున తెగింది. ముగ్గురి బరువుతో నిలబడ్డ బండిని క్లచ్ లేకుండా కదిలించడం అయ్యే పని కాదు. నా గుండె ఆగింది. బాబాయి మాత్రం, "వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టరా, నురగ గొంతులోకి పోకుండా" అని, హ్యాండిలు దగ్గర చుట్టిన టేపు విప్పాడు. పాత వైరు పక్కనే, అదే దారిలో, ఇంకో కొత్త వైరు ఎప్పుడో వేసి ఉంచాడు. రెండు కొసలూ టేపు చుట్టుకుని తమ వంతు కోసం కూర్చున్నాయి. పై కొస లీవర్లో తగిలించి, కింది కొస ఇంజను దగ్గర తగిలించి, స్పానరుతో నట్టు సరిచేసేసరికి అయిదు నిమిషాలు పట్టిందో లేదో. ఆసుపత్రిలో అట్రోపిన్ సూదులు వేశారు. డాక్టరుగారు, "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు. ఆ మనిషి ఇవాళ్టికీ మా ఊళ్ళో బతికే ఉన్నాడు. ఆ వైరు ఖరీదు ఆనాడు మా క్యాంటీన్లో రెండు ప్లేట్ల భోజనం కన్నా ఎక్కువ కాదు.

ఆ రోజు నుంచి నా లెక్కలో పనిముట్ల సంచి అంటే షోకు వస్తువు కాదు.

కాలం మారింది, ఇప్పటి బళ్ళకి ఇవన్నీ ఎందుకండీ అనే మిత్రులున్నారు. కొంత నిజమే. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టు నడిపిన పెద్దలు కాంటాక్టు పాయింట్లు గరుకు కాగితంతో రుద్దుకునేవారు. రాజ్‌దూత్ వాళ్ళు పెట్రోల్లో ఆయిలు కలుపుకుని, నల్లబడ్డ ప్లగ్గు గీక్కుని పోయేవారు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఆయిలు కలిపే బాధ తప్పింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలొచ్చి కార్బురేటర్లు కూడా దాదాపు పోయాయి. ఇంజను లోపల మన చెయ్యి పెట్టే పని తగ్గింది. కాని టైరూ, చైనూ, బ్రేకూ, బోల్టూ మారలేదు. దారిలో మనిషిని పడేసేవి ఎక్కువగా అవే.

మనవాళ్ళు బళ్ళ మీద శ్రీశైలం పోతుంటారు. వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల. దోర్నాల దాటితే నల్లమల అడవి, మలుపులు, రాత్రయితే గేట్లు మూత. బయల్దేరే ముందు పావుగంట ఖర్చు పెట్టండి. తెల్లారగట్ల టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. ఎండన పోయాక చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలన్నది బండి పుస్తకంలో రాసే ఉంటుంది. బండి మీద ఇద్దరెక్కితే వెనక టైరుకి ఎక్కువ కావాలి. టైరు గాళ్ళు అరిగి నున్నబడ్డాయేమో చూసుకోండి. చైను మధ్యలో వేలితో ఎత్తితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. బిగిసినా తప్పే, వేలాడినా తప్పే. చైనుకి నూనె వేసేటప్పుడు ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పండి. నడుస్తున్న చైను వేళ్ళు తీసేస్తుంది. ఇంజను ఆయిలు బండిని నిటారుగా నిలబెట్టి చూడాలి, పక్క స్టాండు మీద కాదు. బ్రేకు షూలు, ప్యాడ్లు ఎంత మిగిలాయి, డిస్కు బ్రేకు ద్రవం గీత దాటి దిగిందా చూడండి. ఘాటు దిగేటప్పుడు ప్రాణం వాటి మీదే ఉంటుంది. వెనక దీపం, బ్రేకు దీపం మిత్రుణ్ణి నిలబెట్టి చూపించుకోండి. పత్తి ఎత్తుకున్న ట్రాక్టరు ట్రక్కులకి వెనక దీపాలుంటాయని నమ్మకం లేదు. కనీసం మనకైనా ఉండాలి కదా.

సంచిలో ఏముండాలి? మీ బండి నట్లకి సరిపడే స్పానర్లు, ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, ఒక క్లచ్ వైరు, చైను లింకు, రెండు ఫ్యూజులు, టేపు, కాస్త బైండింగు వైరు, టార్చిలైటు, పాత గుడ్డ, చిన్న గాలి పంపు. ట్యూబ్‌లెస్ టైరైతే ప్యాచీ పుల్లల కిట్టు, ట్యూబు టైరైతే స్పేరు ట్యూబూ, టైరు లీవర్లూ. మొత్తం కలిపి మూడు కిలోలుండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి దగ్గర ఒకసారైనా చక్రం విప్పి బిగించి ఉండటం. చీకట్లో, వానలో, అడవిలో మొదటి పాఠం నేర్చుకోవడం కష్టం.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఏటా ఎన్నో పనులు చేస్తున్నారు, సంతోషం. ఈసారి సైకిల్ స్టాండు దగ్గర ఒక గాలి పంపూ, ఒక స్పానర్ల సెట్టూ పెట్టించండి. గొలుసేసి పెట్టించండి. లేకపోతే అదీ హాస్టలుకి పోయి తిరిగి రాదు.