మైపాడు నుంచి మద్రాసు గిటార్ దాకా

నెల్లూరు తీరానికి శబ్దాలు కొత్త కాదు. మైపాడులో అల విరిగే మోత ఉంది. ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో రాత్రంతా నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు ఉంది. దక్షిణంగా పోతే శ్రీహరికోట రాకెట్ ఉండనే ఉంది. లేనిదల్లా ఒకటే. స్టేజీ మీద ఎలక్ట్రిక్ గిటార్ మోగగానే కొన్ని వేలమంది ఒక్క గొంతుతో అరిచే అరుపు. అది కావాలంటే మద్రాసు బండెక్కాల్సిందే.

అవును, మద్రాసే. పేరు మారి పాతికేళ్లు దాటినా మావైపు చెన్నై అనే మాట ఇంకా నోటికి పట్టలేదు. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు. విజయవాడ అంతకంటే దూరం, హైదరాబాద్ ఇంకా దూరం. పెళ్లి పట్టుచీరకైనా, పెద్దాసుపత్రికైనా, అమెరికా వీసాకైనా మేం దక్షిణం వైపే చూస్తాం. పాటకైనా అంతే.

ఈ దారి మా తరం వేసింది కాదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నాన్న సాంబమూర్తి గారు నెల్లూరులో ఉంటూ హరికథలు చెప్పేవారు. అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతో మద్రాసు చేరి, పోటీల్లో పాడుతూ పాడుతూ 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో సినిమా గాయకుడయ్యారు. ఆ తొలి రోజుల్లో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో గిటార్ పట్టుకున్నది ఎవరో తెలుసా? ఇళయరాజా. చదువు ఇంజినీరింగ్, మనసు పాట మీద. మాలాంటి వాళ్లకి అంతకంటే సీనియర్ ఎవరుంటారు!

సభల పక్కనే ఇంకో మద్రాసు

మద్రాసు సంగీతం అంటే డిసెంబరు కచేరీలు, సభల క్యాంటీన్లో పొగలు కక్కే కాఫీ అనే అనుకుంటారు చాలామంది. దాని పక్కనే ఇంకో మద్రాసు ఉంది. ఐఐటీ మద్రాస్‌లో ఏటా జరిగే ‘సారంగ్’ విద్యార్థుల పండగలో రాక్ షో పెద్ద ఆకర్షణ. 2009లో స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ ఆ పండగలో వాయించింది. అప్పటికి నేను ఇంకా బడిపిల్లనే. ఇంజినీరింగ్‌లో చేరాక సీనియర్లు ఆ షో గురించి కళ్లారా చూసినట్టు చెప్పేవాళ్లు. వాళ్లూ చూడలేదని తర్వాత తెలిసింది!

మెటాలికా, ఐరన్ మెయిడెన్ లాంటి మహా బ్యాండ్లు మాత్రం దక్షిణాదిలో బెంగళూరుకే వచ్చాయి. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించాయి. వాళ్ల కోసం మద్రాసు వాళ్లు కూడా రైలెక్కాల్సి వచ్చింది. దూరం బాధ మనకొక్కరికే కాదన్నమాట.

మన దేశపు బ్యాండ్లయితే మద్రాసుకి బాగానే వస్తాయి. కేరళ నుంచి తైక్కుడం బ్రిడ్జ్, ఢిల్లీ నుంచి ఇండియన్ ఓషన్, బెంగళూరు నుంచి అగమ్. అగమ్ వాళ్లది కర్ణాటక సంగీతానికి రాక్ గిటార్ తొడిగిన పద్ధతి. మద్రాసు జనం మధ్య నిలబడి ఇలాంటివి వింటుంటే ఒక తమాషా కనిపిస్తుంది. తెలుగు కీర్తన మొదలుకాగానే తమిళ కుర్రాళ్లు పక్కనే నిలబడి చివరిదాకా పాడేస్తారు. మాటలకి అర్థం వాళ్లు మనల్ని అడుగుతారు. తర్వాతి చరణం మనం వాళ్లని అడగాలి.

2025 ఫిబ్రవరి 5న నందనం వైఎంసీఏ మైదానంలో ఎడ్ షీరన్ పాడాడు. ఆయనది పాప్ అనుకోండి. మధ్యలో ఏఆర్ రెహమాన్ స్టేజీ మీదకి రావడంతో అది మద్రాసు షో అయిపోయింది. నాలుగు రోజుల తర్వాత బెంగళూరులో అదే ఎడ్ షీరన్ శిల్పారావుతో కలిసి ‘దేవర’ సినిమాలోని తెలుగు పాట అందుకున్నాడు. ఆ వీడియో మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటుంది.

ఫోన్లో ఉంది గదా?

ఇదే అమ్మ అడిగిన ప్రశ్న. “పాటలు ఫోన్లో వస్తాయి గదా పాపా, అంత దూరం పోయి దేనికి వినడం?”

బాస్ గిటార్‌లో అడుగు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత లోతైన శబ్దం పుట్టాలంటే బోలెడు గాలిని కదిలించాలి. రూపాయి బిళ్లంత కూడా లేని ఫోన్ స్పీకర్ వల్ల అయ్యే పని కాదది. మంచి ఇయర్‌ఫోన్స్ చెవికి వినిపిస్తాయి, ఛాతీకి వినిపించలేవు. మైదానంలో మాత్రం కిక్ డ్రమ్ కొట్టిన ప్రతిసారీ పక్కటెముకల మీద ఎవరో తట్టినట్టుంటుంది. చెవుడొచ్చిన తాతయ్యకి కూడా ఆ దరువు తెలుస్తుంది.

ఇంకో సంగతి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళ్తుంది. స్టేజీకి వంద మీటర్ల దూరంలో ఉంటే పాట మనల్ని చేరడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. మా ఆఫీసులో అంత లేటెన్సీ వస్తే వెంటనే టికెట్ రైజ్ చేస్తారు. ఇక్కడ సౌండ్ ఇంజినీర్లు కావాలనే లేటు పెడతారు! మైదానం మధ్యలో నిలబెట్టిన స్పీకర్ టవర్లు స్టేజీ స్పీకర్లతో పాటే మోగితే వెనకున్న వాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. అందుకే స్టేజీ నుంచి శబ్దం వచ్చి చేరేదాకా ఆ టవర్లని ఆపి, అప్పుడు మోగిస్తారు. వాటినే డిలే టవర్లు అంటారు.

ఈ లెక్క మా తీరం వాళ్లకి ఎప్పుడో తెలుసు. శ్రీహరికోటలో ప్రయోగం చూడటానికి 2019లో జనం కోసం గ్యాలరీ తెరిచారు. అక్కడ కూర్చుంటే ముందు వెలుగు లేస్తుంది. మోత తర్వాత వస్తుంది, కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్ల చొప్పున. ఆ మోత వచ్చి తాకేదాకా అది టీవీలో చూసినట్టే ఉంటుంది. లైవ్ అంటే ఏమిటో అమ్మకి ఆ ఉదాహరణతోనే చెప్పాను.

తిరిగి ఎట్టొస్తావ్?

దానికి ఒప్పుకుంది. వెంటనే రెండో ప్రశ్న. “అయితే పో. రాత్రికి తిరిగి ఎట్టొస్తావ్?”

అసలు ప్రశ్న ఇదే. రాత్రి పది దాటితే బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్నది దేశమంతటా ఉన్న నిబంధన. కాబట్టి షోలు చాలావరకు పదింటికి ముగుస్తాయి. వేలమంది ఒకే గేటు నుంచి బయటికొస్తారు. క్యాబ్ యాప్‌లో రేటు చూస్తే టికెట్టే చవక అనిపిస్తుంది. నందనంలో షో అయితే అదృష్టం. మెట్రో బ్లూ లైన్ నేరుగా సెంట్రల్ దాకా వెళ్తుంది. ఆంధ్రా బస్సులు 2018 నుంచి మాధవరం బస్టాండ్ నుంచే బయల్దేరుతున్నాయి, కోయంబేడు వెళ్తే వృథా. లోకల్ రైలు సూళ్లూరుపేట దాకా వస్తుంది గానీ అక్కడి నుంచి ఊరు చేరడం మళ్లీ ఇంకో ప్రయాణం. అర్ధరాత్రి బస్సు దొరికితే తెల్లవారుజామున నెల్లూరు, మొదటి బస్సుతో మైపాడు.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఊరికి దూరంగా పెట్టే షోలు వేరే కథ. 2023 సెప్టెంబరు 10న అక్కడ జరిగిన రెహమాన్ కచేరీలో టికెట్ చేతిలో ఉండీ లోపలికి వెళ్లలేక ఎంతోమంది వెనక్కి తిరిగారు. ఆ తొక్కిడిలో తమని వేధించారని ఆడవాళ్లు బయటికొచ్చి చెప్పారు. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. లోపలికి రాలేకపోయిన వాళ్లని టికెట్ కాపీలు పంపమని రెహమానే అడిగారు. ఆ వార్త మా ఇంట్లో అందరూ చదివారు. మా చెల్లి మొదటి కాన్సర్ట్ ప్లాన్ ఆ రోజుతో ఆగిపోయింది.

జనం ఎక్కువని భయమా? కాదు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి లక్షలమంది వస్తారు. ఆడవాళ్లు నీళ్లలో నిలబడి ముక్కూమొహం తెలియని వాళ్లతో రొట్టెలు మార్చుకుంటారు. ఎవరూ వాళ్లని ‘ఎట్టొస్తావ్’ అని అడగరు. ఎందుకంటే అక్కడ లైట్లుంటాయి, పోలీసులుంటారు, బస్సులుంటాయి. పైగా అక్కడికి ఆడవాళ్లు రావడం మామూలే అని ఊరంతా ఒప్పుకుంది. కాన్సర్ట్‌కి ఇంకా ఆ ఒప్పుదల రాలేదు.

అందుకే పోయిన ఏడాది చెల్లిని నేనే తీసుకెళ్లాను. టికెట్ కంటే ముందు తిరుగు బస్సు బుక్ చేశాం. వెనక వరసలో, గేటు కనిపించేచోట నిలబడ్డాం. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నాం. షోల్లో పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మైదానంలో మీటర్ పెట్టి చూసేదెవరు? పెద్ద ఖర్చు కాదు, మీరూ కొనుక్కోండి. చివరి పాటకి ఒక్క పాట ముందే బయటపడాలని అనుకున్నాం. ఆ ఒక్కటీ మాత్రం చెల్లి ఒప్పుకోలేదు. చివరిదాకా ఉండి, మెట్రోలో నిలబడి, బస్సు పట్టుకున్నాం.

నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, కాలేజీ మైదానాలున్నాయి. బాలు పెరిగిన నేల మీద గిటార్ వినడానికి జనం రారా? ఏదో ఒక బ్యాండ్ ఏదో ఒక సాయంత్రం ఇక్కడ ఆగితే, పదింటికి షో అయిపోయినా పదకొండింటికల్లా మైపాడులో అన్నం తినొచ్చు. అప్పటిదాకా మా ఇద్దరి పేర్లతో మద్రాసు బస్సులో రెండు సీట్లు. ఈసారి మూడు అంటోంది చెల్లి. పక్కింటి పిల్ల కూడా వస్తుందట, వాళ్లమ్మతో మా అమ్మే మాట్లాడింది.