తీగ చివర మా ఇల్లు

ఏప్రిల్ 7, 2025, సోమవారం

నిన్న శ్రీరామనవమి పందిట్లో ప్రోగ్రాం అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తున్నాను. అన్నీ ఎవరో కట్టిన పాటలే. నాదంటూ ఒక్క బాణీ ఉంది. పెద్దమ్మాయి పుట్టిన ఏడాది నుంచీ వేళ్ళలోనే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి అమ్మాయి దానికి మాటలు రాసింది, పల్లవీ రెండు చరణాలూ. ఈ వేసవిలో దాన్ని ఇంట్లోనే రికార్డు చేయాలి. స్టూడియోకి గంటల లెక్కన కట్టి, గడియారం చూసుకుంటూ ఆ పాట పాడించడం నాకు ఇష్టం లేదు.

పొద్దున్న లాప్‌టాప్ పక్కనున్న చిన్న కంతలో గిటారు పెట్టి చూశాను. మన జాక్ పావు అంగుళం, ఆ కంత మూడున్నర మిల్లీమీటర్లు, మధ్యలో ఒక కన్వర్టర్ పిన్ను. శబ్దం వచ్చింది గానీ అది నా గిటారు కాదు. దుప్పటి కప్పి వాయించినట్టు మొద్దుగా ఉంది. అడుగున ఆగకుండా బుస్సుమనే రొద.

ఏప్రిల్ 10, గురువారం

మా కీబోర్డు మాస్టారి దగ్గర కూర్చుంటే సంగతి తెలిసింది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ, కొన్ని వేల చుట్లు. పైన స్టీలు తీగ కదిలితే అందులో పుట్టే కరెంటు బహు నాజూకు. అవతలి పరికరం దాన్ని గట్టిగా లాగేసుకుంటే ముందు పోయేవి పైస్థాయి శబ్దాలు. మీటినప్పుడు వచ్చే ఆ మెరుపంతా వాటిలోనే ఉంటుంది. అందుకే గిటారు వెళ్ళే గుమ్మానికి సుమారు పది లక్షల ఓమ్‌ల నిరోధం ఉండాలట. లాప్‌టాప్ కంత హెడ్‌సెట్ మైకు కోసం చేసింది, దానికి కొన్ని వేల ఓమ్‌లే. స్టేజీ మీద యాంప్లిఫయర్ ఈ మర్యాద తనంతట తాను చేస్తోంది కాబట్టి ఇన్నేళ్ళూ నాకు దీని గురించి ఆలోచించే పని పడలేదు.

సాయంత్రం రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాను. అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె, యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి తగులుకుంటుంది. ముందు వైపు 'ఇన్‌స్ట్రుమెంట్' అని ఒక మీట. అది నొక్కి గిటారు పెట్టాను. మొదటి కార్డు మీటగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఇదీ మీ చెయ్యి" అంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మొద్దుతనం పోయింది, హమ్మింగ్ మిగిలింది. మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. ఆ ఊపే గిటార్లోకి దిగి 'మ్‌మ్' అంటోంది. నాది సింగిల్ కాయిల్ పికప్, చుట్టుపక్కల ఏ అయస్కాంత క్షేత్రం ఉన్నా పట్టుకుంటుంది. కుర్చీ తిప్పుకుంటూ నాలుగు దిక్కులా కూర్చుని విన్నాను. పడమరగా తిరిగి, లాప్‌టాప్‌కి రెండడుగులు ఎడంగా కూర్చుంటే సగానికి సగం తగ్గింది. లాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఆ పైనున్న గరగర కూడా పోయింది.

ప్లగ్గులో మూడో పిన్ను, ఎర్తు పిన్ను తీసేస్తే హమ్మింగ్ పోతుందని పందిళ్ళ దగ్గర కుర్రాళ్ళు చెబుతుంటారు. నేను చెయ్యను, నా పక్కన ఎవరినీ చెయ్యనివ్వను. గిటారు తీగలు బ్రిడ్జి మీదుగా యాంప్లిఫయర్ ఎర్తుకి కలిసి ఉంటాయి. మైకు ఇంకో సెట్టుకి కలిసి ఉంటుంది. రెండింటి ఎర్తుల్లో తేడా ఉంటే, చేతిలో తీగలూ పెదవికి మైకూ ఆనిన మనిషే మధ్యలో వైరు అవుతాడు. 1972లో వేల్స్‌లోని స్వాన్‌సీలో లెస్ హార్వీ అనే స్కాట్లాండు గిటారిస్టు ఎర్తు లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. ఒకసారి జనరేటరు మీద నడిచిన ప్రోగ్రాంలో నా పెదవి చురుక్కుమంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. హమ్మింగ్ ఉంటే ఉండనీ.

ఏప్రిల్ 16, బుధవారం

అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. రెండు మైకులు వరసగా పెట్టాను. ఒకటి నా స్టేజీ మైకు, డైనమిక్. రెండోది స్నేహితుడు ఇచ్చిన కండెన్సర్. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద మీట నొక్కితే, పాట వచ్చే తీగలోంచే కరెంటు మైకుకి ఎదురు వెళ్తుంది.

మైకు వైరు నేనే సోల్డరింగ్ చేశాను. మూడు పిన్నులు. ఒకటో దానికి పైన అల్లిన జాలీ, రెండుకీ మూడుకీ లోపలి తీగలు. రెండో తీగలో గొంతు సూటిగా వస్తే మూడో తీగలో తలకిందులుగా వస్తుంది. దారిలో పడే రొద మాత్రం రెండింటి మీదా ఒకేలా పడుతుంది. ఇంటర్‌ఫేస్ ఆ రెండింటి తేడాని మాత్రమే తీసుకుంటుంది. గొంతు నిలుస్తుంది, రొద కొట్టుకుపోతుంది. స్టేజీ మీద వంద అడుగుల మైకు వైరు ఎందుకు మాట్లాడకుండా ఉంటుందో, పాతిక అడుగుల గిటారు వైరు ఎందుకు సణుగుతుందో ఇవాళ తేటపడింది. గిటారు వైరు లోపల తీగ ఒక్కటే. కాపలా కాసే జోడీ దానికి లేదు.

కండెన్సర్‌లో అమ్మాయి గొంతు ఊపిరితో సహా వచ్చింది. దాంతోపాటు ఫ్యాను, ఎదురింటి కుక్కరు విజిలు, సందులో బండి, మా ఫ్రిజ్ కూడా వచ్చాయి. మా ఇల్లు ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

"నాన్నా, నా గొంతు నాకే వెనకనుంచి వస్తోంది, పాడలేకపోతున్నాను" అంది. హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యం. లాప్‌టాప్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాదు, బిందెలతో ముంచుకుంటుంది. ఆ బిందె పేరు బఫర్. సెకనుకి 44,100 శాంపిళ్ళ చొప్పున 1,024 శాంపిళ్ళ బిందె నిండాలంటే 23 మిల్లీసెకన్లు. తిరిగి చెవికి చేరడానికి ఇంకో బిందె. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే మొదటి బిందె ఒక్కటే, స్పీకరు ఎనిమిది మీటర్ల అవతల పెట్టి పాడమన్నట్టు. ఏ గాయని అయినా తాళం తప్పుతుంది.

విండోస్ మామూలు దారి వదిలి ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ళ ఏసియో డ్రైవర్ వేశాను. బఫర్ 128కి దించాను. బిందె మూడు మిల్లీసెకన్లకి వచ్చింది గానీ మా పాత లాప్‌టాప్ అందుకోలేక చిటపటలాడింది. చివరికి ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ మీట నొక్కాను. ఇక గొంతు కంప్యూటర్లోకి వెళ్ళి తిరిగి రానక్కర్లేదు, పెట్టెలోంచే నేరుగా చెవికి వస్తుంది. అమ్మాయి కళ్ళు మూసుకుని పల్లవి మొత్తం పాడింది. అలా పాడటం ఆమె పదో తరగతి తర్వాత నేను చూడలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

లెవెల్స్. స్టేజీ మీద మీటరు ఎర్రగా వెలిగితే హుషారు. ఇక్కడ సున్నా దాటిందంటే పైన నరికేసినట్టే, తర్వాత ఎవరూ అతికించలేరు. గట్టిగా మీటినా మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టాను. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు మెల్లగా తీసుకుంటే నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. భయపడి పెంచడమే తప్పు.

ఏప్రిల్ 27, ఆదివారం

గదితో పోరాటం. నాలుగు ఉత్త గోడలు, గచ్చు నేల. చప్పట్లు కొడితే టంగుమంటోంది. మా ఆవిడ బీరువా తలుపులు బార్లా తెరిచింది. పెళ్ళి చీరల నుంచి మొన్నటి చీరల దాకా వేలాడుతున్నాయి. అమ్మాయిని వాటికి వీపు పెట్టి నిలబెట్టాను, పక్క గోడకి మంచం మీది పరుపు నిలువుగా ఆనించాను. మైకు వెనకవైపు కిటికీకి తిప్పాను. కార్డియాయిడ్ మైకు వెనకనుంచి వచ్చేదాన్ని తక్కువ వింటుంది.

ఇంత చేశాక కండెన్సర్ పక్కన పెట్టేశాను. ఖరీదైనదే, మంచిదే. కానీ దానికి నిశ్శబ్దమైన ఇల్లు కావాలి. నా డైనమిక్ మైకు మూతికి జానెడు దూరంలో పాడితే పాటని పట్టుకుని వీధిని వదిలేస్తుంది. గెయిన్ ఎక్కువ ఇవ్వాలి, అంతే. ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్ళకి అందరూ ముందు కండెన్సరే కొనమంటారు. మా ఇన్నీసుపేటలో ఈ వీధి మీద ఇల్లున్నవాడిగా నేను ఆ మాట చెప్పను.

మే 2, శుక్రవారం

గిటారు ట్రాక్ పూర్తయింది. ఫ్యాను ఆపి, చొక్కా తీసేసి, తుండుగుడ్డ ఒళ్ళో వేసుకుని వాయించాను. ఫ్రిజ్ కూడా ఆపాం. మళ్ళీ వేయడం మర్చిపోకుండా మా ఆవిడ నా స్కూటరు తాళం అందులోనే పాలగిన్నె పక్కన పెట్టింది.

మే 4, ఆదివారం

తెల్లవారుజాము నాలుగింటికి లేచి అమ్మాయి గొంతు తీసుకున్నాను. ఆ వేళకి వీధి పడుకునే ఉంటుంది. ఆరో టేకులో మొదటి చరణం చివర, దూరంగా గోదావరి వంతెన మీద రైలు. వినిపించీ వినిపించనట్టు పడింది. హెడ్‌ఫోన్స్‌లో ఇద్దరం నాలుగుసార్లు విన్నాం. అమ్మాయి తీసేయమంటుందనుకున్నాను. "ఉండనీ నాన్నా, మన ఊరు కదా" అంది.

రెండో చరణం మాత్రం మళ్ళీ పాడతానంది. రేపు కూడా నాలుగింటికే లేపమని చెప్పి పడుకుంది. పరుపు గోడకే ఉంది, చాప వేసుకుంది. ఫ్యాను వేసి వచ్చాను.