సువర్ణరేఖ దిగువన డాల్ఫిన్ల దారి

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ నుంచి సముద్రం దాదాపు 180 కిలోమీటర్లు. అయినా అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు పుట్టింది సముద్రానికి దగ్గర ఊళ్లలోనే. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పని వెతుక్కుంటూ ఇటు రైలెక్కారు. ఊరికి ఉత్తరాన పారే సువర్ణరేఖ చివరికి చేరేదీ వాళ్లు విడిచివచ్చిన బంగాళాఖాతాన్నే. ఆ నది వెంట సముద్రం దాకా దిగి, తీరం పట్టుకుని దక్షిణానికి వెళ్తే మన దేశంలో డాల్ఫిన్ల పరిశోధన జరిగే ముఖ్యమైన చోట్లు కొన్ని ఒకటొకటిగా తగులుతాయి. ఆ దారి కొసన ఉన్నది విశాఖపట్నం.

నది రాంచీ దగ్గర నగ్డీలో పుట్టి, హుండ్రు దగ్గర 98 మీటర్ల ఎత్తు నుంచి దూకి, జంషెడ్‌పూర్‌లో సోనారి దగ్గరి దోముహానిలో ఖర్కాయిని కలుపుకుంటుంది. మొత్తం నడక 395 కిలోమీటర్లు.

జంషెడ్‌పూర్ దాటాక నది గనుల సీమలోకి దిగుతుంది. జాదుగూడలో 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. ఘాట్‌శిలా, ముసాబని వైపంతా రాగి. ఎగువన ఉక్కు, దాని పక్కనే ఆదిత్యపూర్ కార్ఖానాలు. వీటన్నిటి నడుమ నుంచి పోయే నీరు కడలికి ఏం మోసుకుపోతుందన్నది డాల్ఫిన్లకు సంబంధం లేని ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ డాల్ఫిన్ ఆహారపు గొలుసుకు కొసన ఉండే జంతువు. నీటిలోని లోహాలు బురదలోకి, బురదలోంచి పురుగుల్లోకి, చేపల్లోకి చేరి, ఆ చేపల్ని ఏళ్ల తరబడి తినే డాల్ఫిన్ కాలేయంలో పోగుపడతాయి. అందుకే డాల్ఫిన్ల పరిశోధన పడవ రేవులో మొదలైతే చాలదు. దోముహానిలో మొదలవ్వాలి.

గోపీబల్లభ్‌పూర్ మీదుగా బెంగాల్‌ను కాస్త తాకి, జలేశ్వర్ దగ్గర నది ఒడిశాలోకి వస్తుంది. ఖరగ్‌పూర్ మీదుగా విశాఖ వైపు వెళ్లే రైలు జలేశ్వర్ దాటాక రాజ్‌ఘాట్ దగ్గర ఇదే నదిని వంతెన మీద దాటుతుంది. టాటానగర్‌లో బండెక్కిన తెలుగువాళ్లలో అది తమ ఊరి నదేనని కిటికీలోంచి గుర్తుపట్టేవాళ్లు ఎందరుంటారో! అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. 17వ శతాబ్దంలో పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు ఓడలు వచ్చిన పిప్లీ రేవు ఈ నదీముఖంలోనే ఉండేది. ఇసుక మేటవేసి రేవు పోయింది. ఇప్పుడక్కడ తాల్‌సరి తీరం, బిచిత్రపూర్ మడ అడవి, ఆటుపోట్ల బురద మీద పాకే గుర్రపుడెక్క పీతలు ఉన్నాయి. నదీ జలం ఉప్పునీటితో కలిసే ఇలాంటి లోతు తక్కువ తీరాల్లోనే మూపుడాల్ఫిన్లు వేటాడతాయి. చేపలు ఉన్నచోటే అవీ ఉంటాయి, జాలర్లూ ఉంటారు.

ఇక దక్షిణానికి మళ్లితే గహిర్‌మఠ, పూరీ, ఆ తర్వాత చిలికా సరస్సు. ఆగి చూడాల్సిన చోటు ఇదే.

చిలికాలో ఉండేది ఇరావతి డాల్ఫిన్. ముక్కు పొడుచుకు రాదు, తల గుండ్రం, వీపు మీద చిన్న రెక్క. మిగతా డాల్ఫిన్లలా ఎగిరి గంతులేసే జాతి కాదు. వీపు ఒక్కసారి నీటిపైకి తేలుతుంది, బుస్సుమని ఊపిరి వదులుతుంది, మునుగుతుంది. కన్ను మరల్చిన వాడికి కనబడదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2017లో దీన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. చిలికాలో ఉన్నవి 150కి అటూ ఇటూగా ఉంటాయని కొన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాయి.

లెక్క జరిగేది చలికాలంలో, ఎక్కువగా జనవరిలో. అటవీ శాఖ, చిలికా అభివృద్ధి సంస్థ, పరిశోధకులు, పడవవాళ్లు జట్లుగా విడిపోయి, ఒకే వేళకు వేర్వేరు రేవుల నుంచి బయల్దేరతారు. ఒకే డాల్ఫిన్‌ను ఇద్దరు లెక్కపెట్టకుండా ప్రతి పడవకూ ముందే గీసిన దారి ఉంటుంది. ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చూస్తారు. మూడోవారు కనబడిన చోటు, దూరం, గుంపులో ఎన్ని, పిల్లలున్నాయా అన్నది రాసుకుంటారు. గాలి లేచి అలలు తెల్లబడితే లెక్కకు విలువ ఉండదు. కెమెరా పట్టినవారు వీపు రెక్కకే గురిపెడతారు. వల తాడు కోసిన గాట్లు, తోటి డాల్ఫిన్ల పంటి గీతలు, మర పడవ పంకా తగిలిన మచ్చలు ఏ రెండు రెక్కల మీదా ఒకేలా ఉండవు. ఆ ఫొటోల సాయంతో ఒక్కో జంతువునూ ఏడాది తర్వాత ఏడాది గుర్తుపడతారు.

లెక్కకు వచ్చిన కొత్తవాళ్లు వెంటనే గమనించేది ఒకటుంది. నీటి మీద కదలిక ముందుగా కనిపెట్టేది పడవ నడిపేవాడే. ఏ కాలవలో ఏ పోటుకు చేపలు దిగుతాయో తెలిసిన మనిషి కాబట్టి డాల్ఫిన్ ఎటు లేస్తుందో ముందే అటు చూస్తాడు. 2000 సెప్టెంబరులో సరస్సుకు సముద్రం వైపు కొత్త ముఖద్వారం తెరిచాక ఉప్పునీటి రాకపోకలు పెరిగాయి. రొయ్యల పెంపకానికి నీటిలో కట్టిన ఆవరణలు, అంటే ఘేరీలు, తీసేశాక డాల్ఫిన్లు తిరిగే మేర కూడా పెరిగిందని అధికారులు అంటున్నారు. ఆ మార్పులు నీటి మీద బతికేవాళ్ల చూపుకు రోజూ అందుతూనే ఉంటాయి.

సరస్సు దాటి సముద్ర తీరానికి వస్తే ఆ చూపు చాలాచోట్ల తెలుగువాళ్లది. పూరీ పెంఠకట, గోపాల్‌పూర్, ఆర్జిపల్లిల్లో ఉండే నోలియా జాలర్లు తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు. ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే.

ఇరావతి డాల్ఫిన్ శాస్త్రలోకానికి పరిచయమైంది కూడా తెలుగు తీరంలోనే. ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్‌కు 1852లో విశాఖ రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన ఎలియట్ ఇతనే. అతను సేకరించిన వాటిని లండన్‌లో పరిశీలించి రిచర్డ్ ఓవెన్ 1866లో ఆ జాతిని వర్ణించాడు. డైనోసార్లకు ఆ పేరు పెట్టిన ఓవెనే! మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం తొలి వర్ణనకూ విశాఖ దగ్గర దొరికినదే ఆధారం. రెండు జాతులకూ పుట్టిల్లు విశాఖ. బడి పుస్తకాల్లో ఈ సంగతి ఉండాలి.

తిమింగలాలు ఇప్పటికీ తీరానికి కొట్టుకొస్తున్నాయి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకు దాదాపు 25 అడుగుల కళేబరం వచ్చింది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్లు తరలివచ్చాయి. ఇలాంటివి కుళ్లక ముందు కొలతలు తీసుకోవాలి. నోట్లో పళ్లున్నాయా, వాటి బదులు జల్లెడలాంటి పలకలున్నాయా చూడాలి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, కుదిరితే చర్మం ముక్క, దొరికిన చోటు, తేదీ కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తిమింగలాలకు, డాల్ఫిన్లకు గట్టి రక్షణ ఉంది కాబట్టి ముందుగా అటవీ శాఖకు కబురు చేయాలి. బారువ నుంచి భీమిలి దాకా ప్రతి జాలరి పేటలో ఇద్దరికి ఈ పని నేర్పితే, చలికాలపు లెక్క పూర్తయ్యాక మిగిలిన పదకొండు నెలలూ కడలి మీద కన్ను ఉంటుంది.