దానియేలు చదివాడు, తినలేదు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక యౌవనస్థుల కూటంలో ఒక అమ్మాయి అడిగింది: "అంకుల్, విశ్వాసులు సినిమాలు చూడొచ్చా?" చుట్టూ పదిమంది ఉన్నారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఊరుకున్నాను. అప్పట్నుంచీ అదే ఆలోచన.

మా నానమ్మ సినిమా హాలు గడప తొక్కలేదు. సినిమా అంటే 'లోకం', అంతే. అలాంటి మనిషి, మందిరం ముందు తెల్లదుప్పటి కట్టి 'కరుణామయుడు' వేసిన రాత్రి అందరికంటే ముందే చాప పరుచుకుంది. 1978లో వచ్చిన సినిమా అది. తెరమీద విజయచందర్ సిలువ మోస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత కూడా హాలుకు వెళ్లలేదు గానీ, సినిమా అంటేనే పాపం అన్న మాట మళ్లీ ఆవిడ నోట నేను వినలేదు.

ఆవిడ రోజూ పాడుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తును పాడదలుచుకున్నప్పుడు పరాయి బాణీల కోసం వెతుక్కోలేదు. ఈ నేలమీద జనం చెవులకు అలవాటైన రాగాల్లోనే పాడారు. అవి అంతకుముందు ఏ కథలు మోశాయోనని ఆయన వెనకాడి ఉంటే, మా నానమ్మకు పాడుకోవడానికి ఏం మిగిలేది?

అలాగని ఏదైనా చూసేయొచ్చు అనను. పూర్వకాలపు క్రైస్తవ గురువు అగస్టీను తన 'కన్ఫెషన్స్'లో స్నేహితుడు అలిపియస్ సంగతి రాశాడు. న్యాయశాస్త్రం చదవడానికి రోముకు వెళ్లినవాడు. మనుషులు కత్తులతో పొడుచుకునే ఆటంటే అతనికి అసహ్యం. తోటివాళ్లు బలవంతాన లాక్కెళ్లారు. కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఎవడో దెబ్బతిని పడ్డాడు, జనమంతా ఒక్కసారిగా హోరెత్తారు. ఏమైందో చూద్దామని కళ్లు తెరిచాడు, అంతే! ఆ నెత్తురు మత్తెక్కించింది. తర్వాత తనే ఇతరుల్ని వెంటేసుకుని వెళ్లేవాడట. చదివినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది నాకు. కళ్లు మూసుకున్నాడు సరే, చెవులు? పదిమంది కేక మనల్ని కూడా కేక వేయిస్తుంది.

అందుకే నేను బైబిల్లోని దానియేలు దగ్గరికి వెళ్తాను. బబులోనులో కల్దీయుల విద్య, భాష శ్రద్ధగా నేర్చుకున్నాడు. బెల్తెషాజరు అని పేరు మారిస్తే ఊరుకున్నాడు. రాజు భోజనం, ద్రాక్షారసం దగ్గర మాత్రం ఆగిపోయాడు. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు పెట్టి చూడమన్నాడు. పుస్తకాలకు భయపడలేదు. ఏది లోపలికి పోతే తను అపవిత్రుడవుతాడో అతనికి తెలుసు.

నాకు ఆ రాజు భోజనబల్ల ఎక్కడుందో మా చిన్నది చూపించింది. పోయిన నెలలో ఇంటిల్లిపాదీ టీవీ ముందున్నాం. హాస్య సన్నివేశం. పెళ్లిచూపుల్లో అమ్మాయి నల్లగా ఉందని ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు. బూతు లేదు, నెత్తురు లేదు. అందరం నవ్వుతున్నాం, నేనూ నవ్వాను.

"నాన్నా, ఆ అక్క ఏడుస్తోంది కదా?" అంది చిన్నది.

నవ్వాగిపోయింది. రిమోట్ కోసం చూస్తే చిన్నదాని చేతిలోనే ఉంది. ఈ ఆదివారం కూటంలో ఆ అమ్మాయి కనబడితే ముందు ఈ సంగతే చెబుతాను.