పందికొక్కు, బ్యాండికూట్

‘బ్యాండికూట్’ అన్న ఇంగ్లీషు మాట వింటే ఏ ఆస్ట్రేలియా ఆదివాసీ భాషదో అనిపిస్తుంది. చివర రెండు ‘ఓ’లు, ఒక ‘టీ’తో స్పెల్లింగు కూడా అలాగే ఉంటుంది. కానీ అది మనదే. పందికొక్కు! ‘ప’ కాస్తా ‘బ’ అయింది, ‘కొక్కు’ కాస్తా ‘కూట్’ అయింది. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా ఇది తెలుగు మాటేననీ, పంది-ఎలుక అని అర్థమనీ చెప్తుంది. కోపమొస్తే పందిలా గుర్రుమంటుంది కాబట్టి పంది. ఇక కొక్కు మనకి మరీ పరాయిదేం కాదు, వినాయకుడికి ‘కొక్కురౌతు’ అని పేరుంది.

ఆస్ట్రేలియా వెళ్లిన తెల్లవాళ్లు అక్కడ ఒక పొడుగుమూతి జంతువుని చూసి ఇదే పేరు తగిలించారు. అది ఎలుక కానే కాదు. కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జాతి. అక్కడ ఈ మాట క్రియగా కూడా మారింది. పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని ‘బ్యాండికూటింగ్’ అంటారు. 1996లో ప్లేస్టేషన్‌లోకి ‘క్రాష్ బ్యాండికూట్’ వచ్చింది. మా తరం పిల్లలు ఆ పేరుని గేముగానే ఎరుగుదురు, అందులో తెలుగు ఉందని తెలియకుండానే.

ఊళ్లో మిగిలిన పందికొక్కుకి మాత్రం ఈ భాగ్యం దక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వెనక సందుల్లో, మెస్సు ఎంగిళ్లు పారబోసే చోట, రాత్రయితే అదే తిరుగుతుంటుంది. మాట కూడా తిట్టుగానే ఉండిపోయింది. లంచాలు తినేవాళ్లని “పందికొక్కుల్లా మెక్కేశార్రా” అంటాం.

2018లో కేరళలోని జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోని తెచ్చింది. దాని పేరు బ్యాండికూట్. దాన్ని పందికొక్కు రోబో అని ఎవరైనా అనగా నేను వినలేదు. ఇంగ్లీషులో అంటే టెక్నాలజీ, తెలుగులో అంటే తిట్టు.

మన మాట ప్రపంచం చుట్టొచ్చిందంటే ఎవరికైనా సంతోషమే. నాకూ సంతోషమే. కానీ ఆ సంతోషం దగ్గరే ఆగిపోలేకపోతున్నాను. 2021 ఆగస్టులో ఎల్బీనగర్ పక్కన సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. ముందు దిగిన మనిషి పైకి రాలేదని రెండో మనిషి దిగాడు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అప్పటికే ఎనిమిదేళ్లు.

నిఘంటువు చూసి మురిసిపోవడం తేలిక. పందికొక్కు డ్రైనేజీలో ఉండే జీవి, మనిషి కాదు. ఈ చిన్న సంగతి మన భాషలో ఎప్పట్నుంచో ఉంది, ఆ మాట పలికే మనందరికీ తెలుసు. అయినా ఆ చీకట్లోకి మనిషినే దించాం. ఇప్పుడు అదే మాట ఒక యంత్రానికి పేరై తిరిగొచ్చింది. దాన్ని ఏ భాషలో పిలిచినా నాకు పేచీ లేదు. సాహెబ్‌నగర్ లాంటి ప్రతి గల్లీకీ అది వస్తే చాలు.