మెదక్ చర్చిలో ఒక పగలు

మా వారి సాంచాలు వారానికి మూడు రోజులే నడుస్తున్న సమయంలో మేము మెదక్ పోయి వచ్చాం. "పని లేనప్పుడు ప్రయాణమేంది?" అని వాడకట్టులో అడిగినవాళ్లు ఉన్నారు. నేనూ మా వారిని అదే అడిగాను. కానీ అత్తమ్మకు రెండు కళ్లూ మసకబారుతున్నాయి. ఆపరేషన్ అయినా చూపు ఎంత వస్తుందో చెప్పలేమన్నారు. "ఈ కొంచెం చూపు ఉండంగనే మా నాయనమ్మ రాళ్లు మోసిన గుడిని చూస్త బిడ్డా" అన్నది. ఇంక కాదనలేకపోయాం.

సోలాపూర్‌లో రాత్రి రైలెక్కి తెల్లారి హైదరాబాద్‌లో దిగాం. జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సు దొరికింది. అక్కడినుంచి సుమారు 100 కిలోమీటర్లు. సంచిలో జొన్నరొట్టెలు, శేంగా చట్నీ ఉన్నాయి కాబట్టి హోటలు ఖర్చు తప్పింది.

ఊళ్లోకి వస్తుండగానే చర్చి గోపురం కనిపిస్తుంది. దాని ఎత్తు 175 అడుగులు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల ఐదు వేల మంది పడతారు. ఇంత పెద్దదాన్ని కట్టించింది ఇంగ్లండు నుంచి వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగింది. అది కరువు కాలం. పాస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా పని చూపించి తిండి పెట్టాడు. అట్లా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రాళ్లు మోసి, సున్నం కలిపి పొట్ట పోసుకున్నారు.

అత్తమ్మ వాళ్ల నాయనమ్మ చంకలో పిల్లను పెట్టుకొని ఆ పనికి పోయేదట. "పొద్దుగూకంగ గింజలు కొంగుల పోసుకొని, నవ్వుకుంట ఇంటికి వచ్చేదట" అని అత్తమ్మ ఎన్నోసార్లు చెప్పింది. కరువులో నవ్వేంది అని నాకు ఎప్పుడూ అనుమానమే.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఏసుప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం వాటి మీద ఉన్నాయి. బయటినుంచి చూస్తే అవి నల్లటి అద్దాలే. లోపల నిలబడి చూస్తేనే, అదీ వెనక ఎండ ఉంటేనే రంగులు తేలతాయి. అత్తమ్మను చెయ్యి పట్టుకొని ఒక కిటికీ ముందుకు తీసుకుపోయాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎర్రగ కనవడుతుంది బిడ్డా. పక్కకు నీలం గూడ" అన్నది. బొమ్మ ఎవరిదో తెలియలేదు. రంగులు మాత్రం తెలిశాయి. అక్కడే మోకరించింది.

చూపు కోసం ప్రార్థన చేస్తుందనుకున్నాను. "ఆనాడు మా నాయనమ్మకు గింజలు దొరకవట్టే మేమందరం బతికినం. నీకు స్తోత్రం తండ్రీ" అన్నదంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆ నవ్వు ఎందుకో అప్పుడు అర్థమైంది. కరువు పోయిందని కాదు. ఆ పూట పిల్లకు గంజి ఉంది, పెట్టినవాడు దేవుడని నమ్మకం ఉంది. పౌలు కూడా జైల్లో ఉండే ఫిలిప్పీయులకు సంతోషం గురించి రాశాడు. ఆదివారాలు ఎన్నిసార్లు విన్నానో, నా చెవికెక్కలేదు.

వచ్చి నెల దాటింది. సాంచాలు ఇంకా మూడు రోజులే. కళ్ల ఆపరేషన్‌కు పైసలు కూడబెడుతున్నాం. అయినా ఒకటి మారింది. ఇదివరకు బీడీలు చుడుతూ ఎన్ని తక్కువ పడ్డాయో లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు తునికాకు చేతిలోకి తీసుకునేముందు, ఆ పూటకు ఉన్నవాటిని ఒకటొకటి చెప్పి స్తోత్రం చేస్తున్నాం. అత్తమ్మ మొదలుపెడుతుంది, పిల్లలు అందుకుంటారు. మొన్న చిన్నోడు "శేంగా చట్నీకి స్తోత్రం" అంటే మా వారు కూడా నవ్వారు. ఆ నవ్వు మా ఇంట్లో విని చాలా రోజులైంది.

మీరూ మెదక్ పోతే పగటిపూట, ఎండ ఉన్నప్పుడే పోండి. చీకటి పడితే ఆ అద్దాల్లో ఏమీ కనబడదు.