వెన్ను వెనుక తుపాకి: ఒక మాంగా అనుబంధాన్ని చదవడంలో అభిమానం, ఔచిత్యం

ఉపోద్ఘాతం

జపాన్ రచయిత్రి హిరోము అరకావా రచించి, చిత్రించిన 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' 2001 నుంచి 2010 వరకు 'మంత్లీ షోనెన్ గాంగాన్' అనే బాలుర మాసపత్రికలో ధారావాహికగా వెలువడింది. మొత్తం 108 అధ్యాయాలు, 27 సంపుటాలు. మరణించిన తల్లిని రసవాద విద్యతో బతికించబోయి దేహాలను పోగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ముల అన్వేషణ ఇందులో ప్రధాన కథ. ఆ కథకు సమాంతరంగా కల్నల్ రాయ్ మస్టాంగ్, అతని సహాయాధికారిణి లెఫ్టినెంట్ రిజా హాకైల కథ సాగుతుంది. అభిమానులు ఎక్కువగా చర్చించుకునే జంటల్లో ఇదొకటి. 2003 నాటి యానిమేషన్ రూపం మూలకథ నుంచి వేరు దారి పట్టింది కనుక, ఈ వ్యాసాన్ని మాంగాకే పరిమితం చేస్తున్నాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో దీన్ని ఇంగ్లీషు అనువాదంలో కేవలం అభిమానిగా చదివాను. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ప్రతి గడినీ సంపుటి, పుట సంఖ్యలతో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. వారిది ప్రేమ అని నిరూపించడమే నా లక్ష్యం. పరిశోధనలో చేరిన తరువాత మాంగాను మళ్లీ చదివి, పాత నోటుపుస్తకాన్ని పక్కన పెట్టుకుని చూశాను. అందులో రాసుకున్న వాటికన్నా రాసుకోకుండా వదిలేసినవి నన్ను కలవరపెట్టాయి. ఆ కలవరమే ఈ వ్యాసానికి మూలం.

వాచ్యం, వ్యంగ్యం

అరకావాకు ప్రేమను వాచ్యంగా చెప్పడం తెలియక కాదు. చివరి అధ్యాయంలో ఎడ్వర్డ్ రైల్వే స్టేషనులో విన్రీకి తన మనసు చెబుతాడు. తన జీవితంలో సగం ఇస్తానని, ఆమె జీవితంలో సగం ఇమ్మని రసవాదుల సమమారక న్యాయాన్ని అనుసరించి బేరం పెడతాడు. సగమేమిటి, మొత్తం ఇస్తానంటుంది ఆమె. మస్టాంగ్, హాకైల మధ్య ఇటువంటి ప్రకటన 27 సంపుటాలలో ఎక్కడా లేదు. ఉన్నదంతా ఇంగితమే. శత్రువులు హాకై గొంతు కోసి, ఆమె ప్రాణం నిలవాలంటే నిషిద్ధమైన మానవ పరివర్తన చేయమని మస్టాంగ్‌ను నిర్బంధించినప్పుడు, నెత్తురోడుతూ ఆమె కళ్లతో చేసిన సైగను అతడు చదువుతాడు. పైన సహాయం పొంచి ఉందని గ్రహించి, నిరాకరిస్తాడు. తరువాత అతడు చూపు కోల్పోతే, ఆమె దిక్కూ దూరమూ చెబుతూ అతనికి కన్నవుతుంది.

ఈ పాఠం ధ్వనికి అనువైనదని అలంకారశాస్త్ర పరిచయం ఉన్న ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయితే ధ్వనిని పట్టుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. ముందే నిశ్చయించుకున్న అర్థానికి ప్రతి మౌనమూ సాక్ష్యంగానే కనిపిస్తుంది. ఇందుకు ఈ మాంగాలోనే ఒక చక్కని హెచ్చరిక ఉంది. రూపాలు మార్చగల ఎన్వీ మస్టాంగ్ వేషంలో హాకై ఎదుటికి వస్తాడు. ఆమె తుపాకి గురిపెట్టి, ఏకాంతంలో కల్నల్ తనను పేరుతోనే పిలుస్తాడంటుంది. గుట్టు బయటపడిందనుకుని ఎన్వీ తన నిజరూపం చూపిస్తాడు. వెంటనే ఆమె, తాను చెప్పింది అబద్ధమని తేల్చేస్తుంది. నా నోటుపుస్తకంలో ఈ సన్నివేశం 'బలమైన ఆధారం' అన్న శీర్షిక కింద ఉంది! పాఠమే అబద్ధమని కొట్టివేసిన మాటను నేను సాక్ష్యంగా స్వీకరించాను. ఎన్వీ పడిన ఉచ్చులోనే నేనూ పడ్డాను. ఆ సంబంధాన్ని గురించి ఊహించుకోవడానికి మేమిద్దరం ముందే సిద్ధపడి ఉండటమే అందుకు కారణం.

వీపు అనే పత్రం

ఈ అనుబంధానికి పునాది ఇష్వాల్ యుద్ధం. అమెస్ట్రిస్ సైన్యం ఇష్వాల్ ప్రజలను నిర్మూలించిన ఆ కాండను ప్రధానంగా 15వ సంపుటి చెబుతుంది. మస్టాంగ్‌కు గురువు హాకై తండ్రే. అగ్నివిద్యా రహస్యాన్ని ఆయన కూతురి వీపు మీద పచ్చబొట్టుగా పొడిచాడు. ప్రజలను కాపాడాలన్న మస్టాంగ్ కలను నమ్మి, తండ్రి మరణానంతరం ఆమె ఆ వీపును అతనికి చూపింది. ఆ విద్యతోనే అతడు ఇష్వాల్‌ను తగలబెట్టాడు. సైనిక విద్యార్థినిగా ఉండగానే యుద్ధానికి పంపబడిన ఆమె, దూరం నుంచి గురిచూసి మనుషులను చంపింది.

యుద్ధం ముగిసి అందరూ తిరిగి వెళుతుండగా హాకై ఒంటరిగా ఒక సమాధి కడుతూ కనిపిస్తుంది. తోటి సైనికుడిదా అని మస్టాంగ్ అడుగుతాడు. కాదు, కాల్చి దారిపక్కన వదిలేసిన ఇష్వాల్ బిడ్డది. మరొక అగ్ని రసవాది పుట్టకుండా తన వీపును కాల్చివేయమని ఆమె అతన్ని కోరేది ఆ సమాధి దగ్గరే. నా నోటుపుస్తకంలో ఈ ఘట్టానికి ఎదురుగా 'వీపు కాల్చడం - పరస్పర విశ్వాసం' అని మాత్రమే ఉంది. సమాధి ప్రస్తావన లేదు. ఇద్దరి ముఖాలూ ఉన్న గడులను లెక్కపెట్టిన నేను, వారి మధ్య నేలలో ఉన్న బిడ్డను లెక్కపెట్టలేదు.

అంగం, అంగి

అనౌచిత్యానికి మించిన రసభంగ హేతువు లేదన్నది ఆనందవర్ధనుని అభిప్రాయం. ప్రబంధంలో ఒక రసం అంగిగా ఉండాలని, తక్కినవి దానికి అంగాలుగా ఒదగాలని కూడా ఆయన ప్రతిపాదించాడు. మస్టాంగ్, హాకైల కథలో అనురాగ ధ్వని ఉందనే ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే అది అంగమే. అంగి స్థానంలో ఉన్నది ఇష్వాల్ శోకం. అంగాన్ని విడదీసి అంగిగా నిలిపితే, జాతి సంహారంలో పాల్గొన్న ఇద్దరు వ్యక్తులు కేవలం విధివంచితులైన ప్రేమికులుగా మిగులుతారు. అభిమానం చేసే క్షమాపణ ఇదే. క్షమించే హక్కు ఉన్నవారిని అడగకుండానే అది క్షమిస్తుంది.

అరకావా ఆ పని చేయలేదు. తాను దారి తప్పితే వెనుక నుంచి కాల్చే అధికారాన్ని మస్టాంగ్ హాకైకి ఇస్తాడు. మిత్రుడు హ్యూస్‌ను చంపిన ఎన్వీని పగతో దహించబోయినప్పుడు ఆమె నిజంగానే అతని వెన్నుకు తుపాకి గురిపెడుతుంది. నన్ను కాల్చి ఆ తరువాత ఏం చేస్తావని అతడు అడుగుతాడు. మనుషులను ఉన్మత్తులను చేసే ఈ అగ్నివిద్యతో పాటు తన దేహాన్నీ రూపుమాపుకుంటానంటుంది. నిన్ను పోగొట్టుకోలేనని అతడు చేయి దించుతాడు. అభిమానులు ఈ చివరి మాట దగ్గరే ఆగుతారు. నేనూ ఆగాను. కానీ ఆ మాటకు బలం దాని ముందున్న తుపాకి నుంచి, తుపాకికి అర్థం ఆ సమాధి నుంచి వచ్చాయి. వీరిద్దరూ ప్రేమికులకన్నా ముందు ఒకరి నేరానికి మరొకరు సాక్షులు.

ముగింపు కూడా ఈ క్రమాన్ని తప్పలేదు. మస్టాంగ్‌కు చూపు తిరిగి తెప్పించడానికి డాక్టర్ మార్కో ఇవ్వజూపిన పరుసవేది ఇష్వాల్ ప్రజల ప్రాణాలతో తయారైనది. ఇష్వాల్ భూమిని ఆ ప్రజలకు తిరిగి ఇవ్వాలన్న షరతు మీదనే అతడు దాన్ని స్వీకరిస్తాడు. అతని చూపు కూడా అప్పు తెచ్చుకున్నదే.

ఉపసంహారం

అభిమాన పఠనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక కనురెప్ప కదలికను పుట సంఖ్యతో సహా గుర్తుంచుకునే శ్రద్ధ ఏ పరిశోధకుడికైనా అవసరం. కావ్యాభ్యాసంతో మనసనే అద్దాన్ని నిర్మలం చేసుకున్నవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పాడు. ఆ అద్దంలో మనకు ఇష్టమైన ముఖాలే కనిపిస్తుంటే, అది ఇంకా నిర్మలం కానట్టే. ఈ మాట మాంగా అభిమానులకే పరిమితం కాదు. పాత్రచిత్రణ మన సిద్ధాంతగ్రంథాలలో పరిచితమైన అధ్యాయమే. నాయకుని గుణాలను ఏరి పట్టికగా కూర్చే ఆ అధ్యాయంలో, ఆ గుణాలకు మూల్యం చెల్లించిన వారి పేర్లు ఎన్నిసార్లు రాశామో నాతో మొదలుపెట్టి అందరమూ చూసుకోవలసి ఉంది.

పాత నోటుపుస్తకాన్ని నేను పారవేయలేదు. సమాధి గడికి సంపుటి, పుట సంఖ్యలు వేసి చేర్చాను. ఆ వరుసలో పాత్ర పేరు రాయవలసిన చోటు మాత్రం ఖాళీగానే ఉంది. ఆ బిడ్డకు రచయిత్రి పేరు పెట్టలేదు.